భాష రాని ఒపెరాకు వెళ్లాలా, హోటల్ గదిలో పడుకోవాలా?

ప్రశ్న:

మాది కావలి. మావారు తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. అబ్బాయి, కోడలు, ఎనిమిదేళ్ల మనవరాలు జర్మనీలో మ్యూనిక్‌లో ఉంటారు. జులైలో చెన్నైలో విమానం ఎక్కి వాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. అక్కణ్ణుంచి ఇటలీలోని వెరోనాకు తీసుకెళ్లి, పాత రోమన్ కట్టడంలో ఆరుబయట ఆడే ‘ఐడా’ అనే ఒపెరా (మాటలన్నీ పాటగా పాడే సంగీత నాటకమట) చూపిస్తానని అబ్బాయి మా అయిదుగురికీ రాతిమెట్ల మీద టికెట్లు కొనేశాడు. ధర రూపాయల్లో లెక్కేసుకుంటే నాకు గుండె గుభేలుమంది. అన్నిటికంటే చౌకవి అవేనట! మావారికి పద్యనాటకాలంటే ప్రాణం. ఇప్పటికే ఫోన్‌లో కథంతా చదివేసి ఇంట్లో కాలు నిలవకుండా తిరుగుతున్నారు. నాకేమో మోకాళ్ల నొప్పులు. భాష రాదు. రాత్రి తొమ్మిది దాటాక మొదలై అర్ధరాత్రి దాటాక అవుతుందట. మధ్యలో కునుకు పడితే కోడలి ముందు నవ్వులపాలవుతానని టెన్షన్. ఆ డబ్బుతో వెనిస్ వెళ్లి పడవెక్కితే సరిపోదా అని కోడలు కూడా అంటోంది. మావారు నాటకాలకు వెళ్లిన రోజుల్లో నేనెప్పుడూ వెంట వెళ్లింది లేదు. పిల్లలూ, అత్తగారూ, గేదెలతోనే సరిపోయింది. ఇప్పుడీ వయసులో, అర్థంకాని నాటకానికి నేనెందుకు? వాళ్లను పంపేసి నేను హోటల్ గదిలో పడుకుంటే తప్పా?

ఒక సోదరి, కావలి

సమాధానం:

అమ్మా, తప్పేమీ లేదు. కానీ పడుకోవద్దు, వెళ్లండి. కాకపోతే ఇప్పుడున్న టికెట్లతో మాత్రం వెళ్లొద్దు.

ముందు సీట్ల సంగతి తేల్చుకుందాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. వెరోనా ఎరీనా క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్లు కట్టిన గుండ్రటి రంగస్థలం. 1117లో వచ్చిన భూకంపానికి బయటి గోడ చాలావరకు కూలిపోయింది. నాలుగు కమానులు మాత్రం ఒక పక్కన ఇంకా నిలబడి ఉన్నాయి. లోపలి మెట్ల మీద మాత్రం ఇప్పటికీ జనం కూర్చుంటారు. చూడ్డానికి గొప్పగా ఉంటాయి గానీ ఎక్కడానికి ఎత్తు, ఆనుకోవడానికి వెనక ఏమీ ఉండదు. నంబర్లు లేని మెట్లయితే ముందొచ్చిన వాళ్లకే మంచి చోటు, అందుకని చాలా ముందే వెళ్లి కూర్చోవాలి. పగలంతా ఎండకు కాగిన రాయి చీకటి పడ్డాక కూడా చాలాసేపు వేడి వదలదు. మెత్తలు అద్దెకిస్తారు, అయినా మూడున్నర నాలుగు గంటలు అలా కూర్చోవడం మోకాళ్ల నొప్పులున్న మనిషికి శిక్షే. కుర్రవాళ్లకు అదొక సరదా. నేను చూసింది ఆ మెట్ల మీదనుంచే, నాకు బాగానే ఉంది. మా పక్కన కూర్చున్న పెద్దావిడ మాత్రం రెండో విరామానికే నడుం పట్టుకుని లేచి వెళ్లిపోయింది. ఆవిడ వెళ్లిపోయాకే అసలు నాటకం మొదలైందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి మీ అబ్బాయికి ఇలా చెప్పండి. మీకూ మీవారికీ కింద నేల మీద వేసే కుర్చీల్లో, వెనక వరసల్లో రెండు సీట్లు తీసుకోమనండి. అక్కడికి మెట్లెక్కే బాధ తక్కువ, వెనక ఆనుకోవచ్చు. ముందు వరసల ధర చాలా ఎక్కువ, వాటి జోలికి పోవద్దు. అబ్బాయి, కోడలు, పాప మెట్ల మీదే కూర్చుంటారు. మీ ఇద్దరి పాత టికెట్లు మార్చుకోవడం కుదురుతుందేమో టికెట్ల ఆఫీసును అడగమనండి. కుదరకపోతే ఎవరైనా స్నేహితులకు ఇచ్చేయమనండి.

ఖర్చుకే భయపడుతుంటే ఇంకా ఖర్చు పెట్టమంటున్నానని అనుకోకండి. ఇలా విడిగా కూర్చోవడంలో మీ మోకాళ్లకు మించిన సుఖం ఒకటుంది. మీకు కునుకు పడితే కోడలు చూడదు. ఆవిడ ఎక్కడో మెట్ల మీద ఉంటుంది. మీ పక్కన మీవారు ఒక్కరే. ఆయన ఇన్నేళ్లూ ఎవరెవరితోనో వెళ్లి, తెల్లవారుజామున ఇంటికొచ్చి, మీకు కథ చెప్పి ఉంటారు. లేదా చెప్పకుండానే పడుకుని ఉంటారు. ఆ నాటకాల్లో మీకు చోటు లేకుండా పోయింది. మీ ఉత్తరం అంతటిలో నాకు బాగా తగిలింది ఆ గేదెల మాటే. మోకాళ్లు, భాష, డబ్బు అన్నీ నిజమైన ఇబ్బందులే, కాదనను. కానీ ఇన్నేళ్లకు ఆయన పక్కన కూర్చుని చూసే అవకాశం వచ్చినప్పుడు, ‘ఇది నా వ్యవహారం కాదు’ అని మీ అంతట మీరే పక్కకు తప్పుకుంటున్నారేమో ఆలోచించండి.

డబ్బు మాట. అబ్బాయి జీతం యూరోల్లో, మీ లెక్క రూపాయల్లో. అక్కడ కాఫీ ధరను రూపాయల్లోకి మార్చి చూసినా గుండె గుభేలుమంటుంది. వాడు సంపాదించుకుని, తండ్రికి ఏమిష్టమో గుర్తుపెట్టుకుని, వెతికి కొన్నాడు. మీరు వద్దంటే ఆ డబ్బు మిగలదు, వాడి మనసులో వెలితి మాత్రం మిగులుతుంది. ఆ ధర ఎందుకంత ఉంటుందో వెరోనాలో దిగాక మీరే చూస్తారు. ఎరీనా ముందు పియాజ్జా బ్రా అనే పెద్ద కూడలి ఉంది. వేసవి అంతా ఒకే ఒపెరా ఆడరు. ఇవాళ ఒకటి, రేపు మరొకటి. అందుకని ఈ రోజుకు అక్కర్లేని సెట్లన్నీ ఆ కూడలిలోనే పేర్చి పెడతారు, క్రేన్లతో లోపలికీ బయటికీ దించుతుంటారు. పెద్ద పెద్ద స్తంభాలు, విగ్రహాలు, రాజమహలు ముక్కలు రోడ్డు పక్కన ఎండలో నిలబడి ఉంటాయి. సాయంత్రం పాపను తీసుకుని ఒక చుట్టు తిరిగి రండి. మీవారికి సురభి వాళ్లు గుర్తుకు రాకపోతే అడగండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబం తెరలు, సెట్లు, నటులు అందరినీ వెంటేసుకుని ఊరూరా తిరిగింది. ఆ పనిలో ఎంత చాకిరీ ఉందో ఆయనకు తెలుసు.

ఇక భాష. ఇది చాలామంది భయపడే విషయం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఒపెరాలో పాడే మాటలు ఇటలీ వాళ్లకే అన్నీ అర్థం కావు. గొంతు అంత పైకి వెళ్లినప్పుడు అక్షరాలు కలిసిపోతాయి. మన పద్యనాటకంలో రాగం తీసి తీసి సాగదీసే చోట మాత్రం మాటలు ఎవరికి వినబడ్డాయి? పద్యం ముందే వచ్చు కాబట్టి జనం పరవశించారు. ఇక్కడా అంతే. కథ ముందే తెలియాలి, ఏ ఘట్టంలో ఎవరు ఏం బాధపడుతున్నారో తెలియాలి. తెలిస్తే మాట అక్కర్లేదు. తెలియకుండా వెళ్తే మాత్రం నిజంగానే నిద్ర వస్తుంది, అందులో మీ తప్పేమీ ఉండదు.

కథ చిన్నది. ఈజిప్టుకూ ఇథియోపియాకూ యుద్ధం. ఇథియోపియా రాకుమారి ఐడా, ఈజిప్టు రాజుగారి కూతురు ఆమ్నెరిస్ దగ్గర దాసిగా ఉంది. తానెవరో అక్కడ ఎవరికీ తెలియదు. ఈజిప్టు సేనాని రాడమెస్‌కూ ఐడాకూ ప్రేమ. ఆమ్నెరిస్ కూడా రాడమెస్‌నే కోరుకుంటోంది. రాడమెస్ యుద్ధానికి వెళ్లి గెలిచి వస్తాడు. బందీల్లో ఐడా తండ్రి అమొనాస్రో ఉన్నాడు, అతనే ఇథియోపియా రాజు. కన్నబిడ్డను ఒత్తిడి చేసి, సైన్యం ఏ దారిన వెళ్తుందో రాడమెస్ నోట చెప్పిస్తాడు. రాడమెస్ దేశద్రోహి అవుతాడు. అతన్ని ప్రాణంతోనే సమాధిలో మూసేస్తారు. అతనికంటే ముందే ఐడా ఆ సమాధిలోకి దూరి ఉంటుంది. ఇద్దరూ అక్కడే.

మీవారు ఇదంతా చదివేశారన్నారు కదా. ఆయన చేత చెప్పించుకోండి. ఒక్కరోజులో కాదు, రోజుకొక అంకం. నాలుగే అంకాలు. పండితులు, పైగా నాటకం మనిషి, పాత్రలు ఆడి మరీ చెబుతారు. ఆ తర్వాత ఆ అంకంలోని పాట ఒకటి ఫోన్‌లో పెట్టి ఇద్దరూ వినండి. మొదట్లో అరుపుల్లా అనిపించొచ్చు. రెండోసారికి కొంత తగ్గుతుంది. నాలుగైదు సార్లు విన్నాక ఎక్కడ గొంతు లేస్తుందో మీకే తెలిసిపోతుంది. జులై దాకా టైముంది.

ఏమేం వినాలో చెబుతాను.

మొదటి అంకంలో జనమంతా రాడమెస్‌ను ‘గెలిచి రా’ అని సాగనంపుతారు. ఆ గోలలో ఐడా కూడా గొంతు కలిపి అదే మాట అనేస్తుంది. అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా మిగిలి, తానన్నదేమిటో అప్పుడు తెలుసుకుంటుంది. అతను గెలవడమంటే ఎవరిని గెలవడం? తన తండ్రిని, తన అన్నదమ్ములను. గెలవమనాలా, ఓడమనాలా? ఆ పిల్ల రెండువైపులా నలిగిపోతూ పాడే పాట అది. పుట్టిల్లు ఒకవైపు, మనసిచ్చిన వాడు ఒకవైపు. దీనికి ఏ భాష కావాలమ్మా మనకు?

రెండో అంకం అబ్బాయి మీకు చూపించాలనుకుంటున్న ఆర్భాటం. రాడమెస్ గెలిచి వచ్చినప్పటి ఊరేగింపు. వందల మంది వేదిక మీదికి వస్తారు. అప్పుడు పొడవాటి, తిన్నటి బాకాలు వాయిస్తారు. ఈ ఒపెరా కోసం ప్రత్యేకంగా చేయించిన బాకాలవి, ఆ వాద్యానికి ఐడా బాకా అనే పేరు కూడా స్థిరపడిపోయింది. మీవారికి ఒక సంగతి చెప్పండి, సంతోషిస్తారు. ఆ బాకాలు రెండు జట్లు. మొదటి ముగ్గురు ఒక శ్రుతిలో ఆ బాణీ వాయిస్తారు. తర్వాత రెండో జట్టు ముగ్గురు అదే బాణీని పై శ్రుతిలో అందుకుంటారు. అంతే, ఇంకేమీ మారదు. శ్రుతి లేచిన ఆ క్షణాన ఎరీనా మొత్తం లేచి నిలబడినట్టు ఉంటుంది. ఒళ్లు గగుర్పొడుస్తుంది. నిద్ర భయం ఈ అంకానికి మాత్రం పెట్టుకోకండి.

మూడో అంకంలో మళ్లీ నిశ్శబ్దం. రాత్రి, నైలు నది ఒడ్డు. ఐడా తన దేశాన్ని తలుచుకుని, ఇక చూడనేమో అని పాడుతుంది. ఆ తర్వాతే తండ్రి వచ్చి కూతుర్ని సాధిస్తాడు. ప్రేమించిన వాడి చేతనే రహస్యం చెప్పించమంటాడు. కాదంటే నువ్వు నా కూతురివే కాదు, ఫరోల (ఈజిప్టు రాజుల) దాసివి అంటాడు. తండ్రి అన్నవాడు ఆ మాట అనగలడా అనిపిస్తుంది. ఆ ఇద్దరి సంవాదం నాకు ఊరేగింపు కంటే ఎక్కువ.

నాలుగో అంకం గురించి తర్వాత చెబుతాను. మధ్యలో గొంతుల సంగతి ఒకటి.

ఎరీనాలో ఒక రాత్రికి పదిపన్నెండు వేలమందికి పైగా కూర్చుంటారు. ముందు పెద్ద ఆర్కెస్ట్రా వాయిస్తుంటుంది. పాడే వాళ్ల చేతిలో మైకు ఉండదు. అయినా ఒక్క మనిషి గొంతు ఆ వాద్యాలన్నిటినీ దాటుకుని మీ దాకా వస్తుంది. దీనికి కారణం ఉంది. ఆర్కెస్ట్రా శబ్దంలో బలమంతా కింది స్థాయిలో, సుమారు 500 హెర్ట్జ్ (సెకనుకు 500 కంపనాలు) దగ్గర ఉంటుంది. పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఒపెరా శిక్షణ పొందిన గొంతు, ముఖ్యంగా మగగొంతు, కంఠనాళాన్ని ఒక పద్ధతిలో ఉంచి 3000 హెర్ట్జ్ ప్రాంతంలో అదనపు బలం తెచ్చుకుంటుంది. వాద్యాలు బలహీనంగా ఉన్న ఆ సందులోంచి గొంతు బయటికొస్తుంది. మన చెవి కూడా ఆ స్థాయికే బాగా స్పందిస్తుంది. అరిస్తే వచ్చేది కాదు, ఏళ్ల తరబడి సాధన. మైకులు రాకముందు మన పల్లెల్లో హార్మోనియం పక్కన నిలబడి ఊరి చివరి వరకూ వినబడేలా పద్యం పాడినవాళ్లను మీవారు చిన్నప్పుడు విని ఉంటారు, కనీసం వాళ్ల గురించి పెద్దలు చెప్పగా విని ఉంటారు. నెల్లూరు పురమందిరంలో ఆడినా, ఒంగోలు చుట్టుపక్కల పొలాల్లో పందిరేసి ఆడినా, జనం టికెట్ కొన్నది గొంతు కోసమే. వేషాలు, తెరలు తర్వాతి సంగతి. వెరోనా వెళ్లినా మీరు ఆ చెవితోనే కూర్చోండి. కళ్లు మూసుకుని విన్నా నష్టం లేదు. కాబట్టి మీరు కళ్లు మూసుకుంటే మీకు సంగీతం తెలుసని పక్కవాళ్లు అనుకుంటారు, కంగారుపడకండి.

మనవాళ్లు ‘వన్స్‌మోర్’ అన్నట్టు అక్కడ ‘బిస్’ అని కేకలేస్తారు. ఒక్కోసారి పాడినదే మళ్లీ పాడతారు కూడా. మగవాళ్లు బాగా పాడితే ‘బ్రావో’, ఆడవాళ్లయితే ‘బ్రావా’. మీవారిని ముందే సిద్ధం చేయండి, ఆయన అరవకుండా ఉండలేరు. పాట అయ్యాక అరవమనండి. మనకు పద్యం మధ్యలోనే ఈలలు వేసే అలవాటుంది, అక్కడ సంగీతం ఆగేదాకా ఊరుకుంటారు.

కాస్త చరిత్ర ఆయన కోసం. ఈ కళ ఇటలీలోని ఫ్లోరెన్సులో 1600 ప్రాంతంలో పుట్టింది. రాజుల కొలువుల్లోనే ఉండిపోయిన దాన్ని 1637లో వెనిస్‌లో టికెట్ కొన్న ఎవరికైనా సరే అని తెరిచారు. ఐడాకు సంగీతం కూర్చిన వెర్డి 1813లో పుట్టాడు. ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ పాషా అడిగితే రాసిన ఒపెరా ఇది, పారితోషికం 1,50,000 ఫ్రాంకులు. సూయజ్ కాలువ ప్రారంభానికి రాశాడని చాలామంది చెబుతారు. అది నిజం కాదు, కాలువ 1869లోనే తెరిచేశారు. ఐడా కైరోలో మొదటిసారి ఆడింది 1871 డిసెంబర్ 24న. అంతకు ముందే ఆడాల్సింది గానీ, సెట్లూ దుస్తులూ ప్యారిస్‌లో తయారవుతుండగా జర్మన్ సైన్యం ఆ నగరాన్ని ముట్టడించింది. సామానంతా లోపలే చిక్కుకుపోయింది. వెర్డి పుట్టి వందేళ్లయిన సందర్భంగా, 1913 ఆగస్టు 10న వెరోనా ఎరీనాలో ఈ వేసవి ఒపెరా ఉత్సవం మొదలైంది. అదీ ఐడాతోనే. అప్పటిదాకా ఒపెరాల్లో వెనక తెరల మీద గీసిన బొమ్మలే ఎక్కువ. ఆ రాతి గిన్నెలాంటి చోట తెర కట్టడానికి వీలెక్కడిది? అందుకని నిజమైన స్తంభాలు, స్తూపాలు నిలబెట్టారు. అప్పటి నుంచి యుద్ధకాలాలు, కరోనా వచ్చిన 2020 తప్ప ప్రతి వేసవీ ఆడుతూ వచ్చి, 2023లో నూరో ఉత్సవం చేసుకున్నారు. ఆ ఏడాదే ఇటలీ ఒపెరా గానాన్ని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక జాగ్రత్త. ఐడాను అక్కడ అన్నిసార్లూ ఒకేలా ఆడరు. 1913 నాటి పద్ధతిలో ఈజిప్టు గుడి స్తంభాలతో వేసేది ఒకటుంది. నూరో ఉత్సవానికి వేసింది మాత్రం పూర్తిగా కొత్త తరహా, వెలుగులూ మెరుపులూ తప్ప పాతకాలపు ఈజిప్టు హంగులు వెతికితే దొరకవు. మీరు వెళ్లే రోజున ఏది ఆడుతున్నారో అబ్బాయిని ముందే ఫొటోలు చూసి చెప్పమనండి. మీవారు మనసులో ఒకటి కట్టుకుని వెళ్లి అక్కడ మరొకటి చూస్తే ఆ కోపంలో పాట వినరు. పద్యనాటకాల మనుషుల పట్టింపులు మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు నాలుగో అంకం. దీని కోసమే నేను మిమ్మల్ని కుర్చీలో కూర్చోమంటున్నది.

రాడమెస్ విచారణ వేదిక మీద కనబడదు. లోపల ఎక్కడో జరుగుతుంది. ప్రధాన పూజారి అతన్ని పేరు పెట్టి పిలిచి, నేరం చెప్పి, సమాధానం చెప్పుకోమంటాడు. జవాబు ఉండదు. మళ్లీ పిలుస్తాడు, మళ్లీ మౌనం. మూడోసారీ అంతే. బయట ఆమ్నెరిస్ ఒక్కతే నిలబడి ఆ మౌనాలు వింటూ ఉంటుంది. అతన్ని పట్టించింది తన అసూయే. ఇప్పుడు రాజుగారి కూతురై ఉండీ కాపాడుకోలేదు. అంతవరకు ఆమెను చూసి పళ్లు కొరుక్కున్న వాళ్లకు కూడా అక్కడ జాలేస్తుంది.

చివరి రంగంలో వేదిక రెండంతస్తులు. పైన వెలుగుతో దేవాలయం, కింద చీకట్లో సమాధి. ఇలాగే ఉండాలని రాసి పెట్టిందే. కింద ఇద్దరూ భూమికి వీడ్కోలు చెబుతూ పాడతారు. గొంతులు పైపైకి వెళ్తాయి గానీ గట్టిగా ఉండవు. పైన ఆమ్నెరిస్ నల్లబట్టల్లో, ఆ రాతి మీద వాలి, శాంతి శాంతి అని గొణుగుతుంది. అంత ఆర్భాటం చేసిన ఒపెరా చిన్న శబ్దంతో ముగుస్తుంది. మొదలైంది కూడా అలాగే, వయొలిన్ల సన్నటి స్వరంతో. మన దగ్గర హరిశ్చంద్ర ఆడితే కాటిసీను కోసం తెల్లవార్లూ కూర్చున్న జనం ఉన్నారు. బలిజేపల్లి వారి నాటకంలో జాషువా పద్యాలు కలిపి పాడుతుంటే ఏడవని వాళ్లు లేరు. మీవారికి ఆ సీను ఎప్పుడొస్తుందో తెలుసు, అందుకే ముందు రంగాల్లో ఓపిక పట్టేవారు. మీరూ అలాగే. మధ్యలో కునుకు తీయాలనిపిస్తే రెండో అంకం అయ్యాక వచ్చే విరామంలో కాసేపు కళ్లు మూసుకోండి. నాలుగో అంకానికి మాత్రం మెలకువగా ఉండండి. ‘అర్ధరాత్రి దాటింది, రేపు రైలుంది, పోదాం పదండి’ అని కోడలు మెట్ల మీదనుంచి ఫోన్‌లో మెసేజ్ పెట్టినా లేవకండి.

మిగతావి చకచకా చెబుతాను. మ్యూనిక్ నుంచి వెరోనాకు ఆల్ప్స్ కొండల మీదుగా నేరుగా రైలుంది, అయిదున్నర గంటలు పడుతుంది. ఆ రాత్రి తప్పకుండా వెరోనాలోనే ఉండాలి. హోటల్ ఎరీనాకు నడిచి వెళ్లేంత దూరంలో తీసుకోమనండి, అర్ధరాత్రి దాటాక ట్యాక్సీల కోసం నిలబడటం మీ వల్ల కాదు. ఆ రోజు పగలు ఊరంతా తిరగొద్దు. భోంచేసి రెండు గంటలు పడుకోండి. గాజు సీసాలు లోపలికి రానివ్వరు, నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్లండి. పట్టుచీర వద్దు. వెంకటగిరి నేతచీర సన్నగా, తేలిగ్గా, జరీ అంచుతో ముచ్చటగా ఉంటుంది, దాని మీదికి ఒక శాలువా. సాయంత్రం ఉక్కగా ఉన్నా రాత్రి గాలి తిరుగుతుంది. మీరు శాకాహారులైతే టమాటా, జున్నుతో చేసే పిజ్జా, పాస్తా ప్రతి హోటల్లో దొరుకుతాయి. అయినా డబ్బాలో కాస్త పులిహోర ఉంటే మీవారి ప్రాణం కుదుటపడుతుంది. కోడలి వంటింట్లో ముందురోజు చేసి పెట్టుకోండి, ఎనిమిదింటికల్లా బయట కూడలిలోనే తినేసి లోపలికి వెళ్లండి.

వాన. ఇది తప్పదు, ఆరుబయట కాబట్టి. వాద్యాలు తడవకూడదు, చినుకు పడగానే వాయించేవాళ్లు లేచి వెళ్లిపోతారు. ఆగితే మళ్లీ వస్తారు. సాధారణంగా ఒకసారి నాటకం మొదలయ్యాక ఆగిపోతే డబ్బులు వెనక్కి రావు, టికెట్ మీద ఉన్న షరతులు అబ్బాయిని చదవమనండి. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు కనబడదు, పల్చటి రెయిన్‌కోట్లు తలా ఒకటి సంచిలో పెట్టుకోండి. మబ్బు పట్టిందని ముందే గదికి వెళ్లిపోకండి.

వెనిస్ గురించి కోడలు అన్నదీ కొట్టిపారేయకండి. వెరోనా నుంచి వెనిస్ రైల్లో గంట, గంటన్నర దూరమే. ఒపెరా మర్నాడు ఆలస్యంగా లేచి, తీరిగ్గా బయల్దేరి ఒక పూట అక్కడ గడపండి. గొండోలా పడవ కిరాయి మాత్రం ఖరీదే. అందరితో పాటు ఎక్కే పెద్ద పడవలు బస్సుల్లా కాలవల్లో తిరుగుతుంటాయి, వాటిలో వెళ్లినా ఊరంతా కనబడుతుంది. కోడలి మాట ఒకటి చెల్లినట్టు ఉంటుంది, మీవారు కూడా రాత్రి విన్నది ఆమెకు పాడి వినిపించడానికి వీలు దొరుకుతుంది.

పాప సంగతి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఎనిమిదేళ్ల పిల్ల నాలుగు అంకాలూ కూర్చోదు, కూర్చోమని బలవంతం చేయొద్దు. మధ్యాహ్నం మీతో పాటు పడుకోబెట్టండి. బాకాలు, ఊరేగింపు చూస్తుంది, మూడో అంకంలో వాళ్లమ్మ ఒళ్లో నిద్రపోతుంది. కథ మాత్రం మీరు చెప్పండి, తాతయ్య చెబితే పద్యాలు ఎక్కువై పిల్ల పారిపోతుంది. దాసి వేషంలో ఉన్న రాకుమారి కథ ఏ పిల్లకైనా నచ్చుతుంది. మీరు ఆమెకు చెప్పాలంటే ముందు మీకు రావాలి కదా. ఇవాళ రాత్రి భోజనాలయ్యాక మీవారిని మొదటి అంకం మొదలుపెట్టమనండి. అబ్బాయికి మాత్రం అంతకంటే ముందే ఫోన్ చేయండి. జులై టికెట్లలో వెనక వరస కుర్చీలు తొందరగా అయిపోతాయి.